గొంతు విప్పి: వంత పాట నుంచి ఒంటి పాట దాకా

పోయిన నెల ఈ పేజీలో జపాన్ గాయని నమియె అమురో గురించి నాలుగు ముక్కలు రాశాను. ఐదుగురు ఆడపిల్లల గ్రూపులో మొదలుపెట్టి, తర్వాత ఒక్కతే పాడి, ఆ దేశంలో తిరుగులేని పేరు తెచ్చుకున్న మనిషి అని చెప్పి వదిలేశాను. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూస్తే ఆమె పాటల కన్నా ఆమె గ్రూపు వదిలిన సంగతే చాలామందికి మనసులో పడినట్టుంది. ఈసారి పేజీ మొత్తం అవే ప్రశ్నలకు ఇచ్చేస్తున్నాను. పేర్లు వేయొద్దని అడిగారు కాబట్టి వేయడం లేదు.

ప్రశ్న: టీచర్ గారూ, మేం నలుగురం హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాం. రెండేళ్లుగా కలిసి పాడుతున్నాం. సంగీత్ ఫంక్షన్లు, బతుకమ్మ ప్రోగ్రాములు, కాలేజీ డేలు. మొన్న ఒక ఈవెంట్ ఆయన నన్ను పక్కకు పిలిచి, "నలుగురికి ఇచ్చేదాంట్లో సగం నీకొక్కదానికే ఇస్తా, ట్రాక్ పెట్టుకుని పాడు" అన్నాడు. మా అమ్మ వెళ్లమంటోంది. మిగతా ముగ్గురికీ ఇంకా చెప్పలేదు. మీరు రాసిన జపాన్ ఆమె కూడా చిన్న వయసులోనే గ్రూపు వదిలి వెళ్లింది కదా. ఆ మిగిలిన నలుగురు ఏమయ్యారు? ఆమె చేసింది తప్పా? రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, ఒకటే టెన్షన్.
(డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: బిడ్డా, ముందు "మిగిలిన నలుగురు ఏమయ్యారు" అని అడిగి, ఆ తర్వాత "తప్పా" అని అడిగావు. ఆ వరుస నాకు నచ్చింది. నేనూ అదే వరుసలో చెప్తాను.

నమియె 1977లో ఒకినావా దీవిలోని నహా ఊళ్లో పుట్టింది. టోక్యోకి నైరుతి దిక్కున, సముద్రంలో 1,500 కిలోమీటర్ల దూరం. తల్లి ఒక్కతే కష్టపడి పిల్లలను పెంచింది. స్నేహితురాలికి తోడుగా ఒకినావా యాక్టర్స్ స్కూల్ అనే పాటలు, డ్యాన్సుల బడికి వెళ్తే, ఆ బడి పెద్ద ఈ పిల్లను చూసి ఫీజు లేకుండా చేర్చుకున్నాడు. బస్సు చార్జీ మిగుల్చుకోవడానికి గంటన్నర నడిచి ఆ బడికి వెళ్లేదని ఆమె గురించి రాసిన వాళ్లంతా చెప్తారు.

ఆ బడి పిల్లలు ఐదుగురిని కలిపి సూపర్ మంకీస్ అనే గ్రూపు కట్టారు. 1992 సెప్టెంబర్ 16న వాళ్ల మొదటి రికార్డు వచ్చింది. నమియెకి అప్పటికి పదిహేనేళ్లు కూడా నిండలేదు, ఇంకో నాలుగు రోజులుంది. ఆ రికార్డు పెద్దగా ఆడలేదు, దాని తర్వాతవీ అంతంతమాత్రమే. ఈలోపు గ్రూపులోంచి ఒకరిద్దరు వెళ్లారు, కొత్తవాళ్లు చేరారు. 1995 జనవరిలో "ట్రై మీ" అనే పాట జనానికి ఎక్కింది. ఆ రికార్డు అట్ట మీద పేరు ఎలా ఉందో చూడు: "అమురో నమియె విత్ సూపర్ మంకీస్". అంటే ఆమె గ్రూపులో ఉండగానే ఆమె పేరు ముందుకొచ్చింది. అందరికీ తెలిసేట్టు, అట్ట మీదే రాసుకుని వచ్చింది. ఆ ఏడాదే ఆమె ఒక్కతే పాడటం మొదలైంది. అక్టోబర్ కల్లా కంపెనీ మారి, తెత్సుయా కొమురో అనే సంగీత దర్శకుడి చేతిలో పడింది. మరుసటి ఏడాది వచ్చిన ఆల్బమ్ 30 లక్షలు దాటి అమ్ముడుపోయింది. 1997లో "కెన్ యు సెలబ్రేట్" అనే పాట 20 లక్షలు దాటింది. మన పెళ్లిలో సన్నాయి ఎలాగో, అక్కడి పెళ్లిళ్లలో ఆ పాట అలాగ అయిపోయింది. టోక్యో వీధుల్లో ఆడపిల్లలు ఆమెలాగే జుట్టుకు గోధుమ రంగు వేసుకుని, ఎత్తు మడమల బూట్లు తొడుక్కుని, కనుబొమలు సన్నగా తీయించుకుని తిరిగేవాళ్లు. వాళ్లకు "అమురా" అని ఒక పేరు కూడా పుట్టింది.

ఇక ఆ నలుగురు. వాళ్లు 1995లోనే మ్యాక్స్ అని పేరు పెట్టుకుని సొంతంగా రికార్డు చేశారు. మొదట్లో కొన్నాళ్లు ఇటు తమ పాటలు పాడుకుంటూనే అటు నమియె వెనక డ్యాన్స్ కూడా చేశారు. నేను దీని గురించి చాలా ఆలోచించాను. నిన్న మొన్నటి దాకా పక్కన నిలబడ్డ పిల్ల ముందు పాడుతుంటే, వెనక అడుగులు వేయడానికి ఎంత గుండె కావాలి! ఆ నలుగురూ దాన్ని దాటి వచ్చారు. 1997లో వాళ్ల పాట జపాన్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. వాళ్లలో ఒకామె 2002లో కుటుంబం కోసం తప్పుకుంది, వేరే అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయి 2008లో వెళ్లిపోతే పాత ఆమె మళ్లీ తన చోటికి వచ్చింది. పాతికేళ్లు దాటినా ఆ గ్రూపు నిలబడే ఉంది. కాబట్టి ఒకరు బయటికి వస్తే మిగతావాళ్లు మునిగిపోతారని అనుకోకు. నీ స్నేహితులను అంత తక్కువ అంచనా వేయకు.

తప్పా అంటావా. వెళ్లడం తప్పు కాదు. ఎలా వెళ్లాలన్నది నాకు తెలుసు, ఎందుకంటే నేను సరిగ్గా వెళ్లలేదు.

1986లో మేం ముగ్గురం ఒక ఆర్కెస్ట్రాలో పాడేవాళ్లం. మట్టెవాడ వినాయక మంటపం దగ్గర తొమ్మిది రాత్రులూ మాదే పాట. ముగ్గురికీ కలిపి రాత్రికి 90 రూపాయలు. నాది పై గొంతు. ఇంకొకామెది కింది గొంతు, నిండుగా, బిందెలో నీళ్లు పోసినట్టు ఉండేది. ఆర్కెస్ట్రా నడిపే ఆయన ఒకరోజు నన్నే పిలిచి, "కరీంనగర్ ప్రోగ్రాముకు నువ్వొక్కదానివే రా, 75 ఇస్తా" అన్నాడు. నేను స్నేహితులకు జ్వరమని చెప్పి బస్సెక్కాను. ఆ సాయంత్రమే కింది గొంతు ఆమె నన్ను చూద్దామని అరడజను బత్తాయిలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా అమ్మకు ఏం తెలుసు? "అదేంది బిడ్డా, కరీంనగర్ పోయింది కదా, నువ్వు పోలేదా?" అని అడిగింది. ఆ పిల్ల ఒక్క మాట అనకుండా బత్తాయిలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది.

అక్కడ కరీంనగర్‌లో స్టేజీ మీద నాకు ఏమైందో కూడా చెప్పాలి. పల్లవి బాగానే పోయింది. చరణం మూడో లైనులో గొంతు తెగింది. తబలా ఆయన పాపం రెండు ఆవర్తాలు అట్లాగే వాయిస్తూ పోయాడు. ఎందుకు తెగిందో అర్థం కావడానికి నాకు రాత్రంతా పట్టింది. ఆ లైను చివరి సగం ఎప్పుడూ ఆమె అందుకునేది. అప్పుడు నేను ఊపిరి తీసుకునేదాన్ని. రెండేళ్లు అలా పాడి, ఆ చోట ఊపిరి నాది కాదన్న సంగతే నాకు తెలియలేదు.

తర్వాత పదకొండేళ్లు మేం మాట్లాడుకోలేదు. 1997లో కాజీపేట స్టేషన్లో, నేను బడి పిల్లలను పోటీలకు తీసుకెళ్తుంటే, ప్లాట్‌ఫాం మీద ఎదురైంది. చంకలో బాబు. బాగున్నావా అని కూడా అడగలేదు. "కరీంనగర్ల ఆ మూడో లైనుకు ఊపిరి ఎక్కడ తీసుకున్నవే?" అంది. తీసుకోలేదు, తెగిపోయింది అన్నాను. "తెగుతది మరి" అని బాబును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. అక్కణ్నుంచి మళ్లీ మాటలు కలిశాయి.

అందుకని నీకు చెప్పేది ఇది. ఈ వారంలోనే నలుగురూ ఒకచోట కూర్చోండి. ఫోన్లో కాదు, గ్రూపు చాట్‌లో అసలే కాదు. ఆయన ఏమన్నాడో, ఎంత ఇస్తానన్నాడో అంకెతో సహా చెప్పు. ఇప్పటికే ఒప్పుకున్న ప్రోగ్రాములు, అడ్వాన్సు తీసుకున్నవి, నలుగురూ కలిసే పూర్తి చేయండి. బతుకమ్మ తొమ్మిది రోజులు మధ్యలో వదిలేసి వెళ్లకు. మీ కార్డు మీద ఎవరి నంబరుందో చూసుకోండి, అది నీదైతే ఆ నంబరుకు వచ్చే గ్రూపు బుకింగులు గ్రూపుకే చెందాలి. నలుగురూ కలిసి కట్టుకున్న పాటల మేళవింపులు నువ్వు ఒక్కదానివే పాడాలనుకుంటే అడిగి తీసుకో. ఆ ఈవెంట్ ఆయన దగ్గరికి వెళ్లే ముందే మీ సొంత ప్రోగ్రాములో ఒక పాట నువ్వొక్కదానివే పాడు, వాళ్లు వెనక కూర్చుని వింటారు. నీ గొంతు ఎక్కడ తెగుతుందో నీ వాళ్ల ముందే తెలిసిపోతుంది. వాళ్లలో ఇంకొకరికి కూడా ఒక్కతే పాడాలని ఉండొచ్చు, అడుగు.

నమియె గురించి చివరగా ఒక సంగతి. 2017లో తన నలభయ్యో పుట్టినరోజున, ఇక పాడటం మానేస్తున్నానని ప్రకటించింది. మానేయడానికి ఎంచుకున్న తేదీ 2018 సెప్టెంబర్ 16. అంటే ఐదుగురు పిల్లల మొదటి రికార్డు వచ్చిన తేదీ. ఒక్కతే పాడటం మొదలుపెట్టిన రోజు నుంచి కాకుండా, పెద్దగా ఆడని ఆ గ్రూపు రికార్డు నుంచే లెక్కపెట్టి 26 ఏళ్లు అనుకుంది. ఆమె పాటలన్నిటి కన్నా నాకు ఆ లెక్కే ఎక్కువ ఇష్టం.

ప్రశ్న: జపాన్‌లో గ్రూపు వదిలి వెళ్లడాన్ని "గ్రాడ్యుయేషన్" అంటారని మా అమ్మాయి చెప్పింది. చదువుకీ పాటకీ ఏం సంబంధం?
(ఒక తండ్రి, కాజీపేట)

జవాబు: మీ అమ్మాయి సరిగ్గానే చెప్పిందండీ. వాళ్ల మాట "సొత్సుగ్యో". బడి చదువు పూర్తి చేసి బయటికి రావడం అని. 1985లో ఒక టీవీ కార్యక్రమం కోసం ఒన్యాంకో క్లబ్ అని హైస్కూలు వయసు ఆడపిల్లల పెద్ద గ్రూపు కట్టారు. దాంతో ఈ మాట పాటల గ్రూపుల్లో బాగా పాతుకుపోయింది. వాళ్లకు బడి ఏడాది మార్చిలో ముగుస్తుంది. చెర్రీ పూలు పూసే వేళ అది, పిల్లలు ఏడుస్తూ వీడ్కోళ్లు చెప్పుకునే కాలం. ఆ భావమంతా ఆ ఒక్క మాటతో పాటు పాటలోకి వచ్చేసింది. వెళ్లే పిల్లకు వీడ్కోలు కచేరీ పెడతారు. ఏకేబీ48 అనే గ్రూపులో మొదటి వరుసలో నిలబడే అత్సుకో మయెదా 2012 ఆగస్టులో వెళ్లినప్పుడు, టోక్యో డోమ్ అనే పెద్ద స్టేడియంలో మూడు రోజులు కచేరీలు జరిగాయి. చివరి పాట మాత్రం టోక్యోలోనే అకిహబరా అనే పేటలో, గ్రూపు మొదలైన 250 మంది పట్టే చిన్న హాల్లోనే పాడింది.

ఈ పద్ధతి నాకు మంచిదనిపిస్తుంది. మన దగ్గర ఆర్కెస్ట్రా మారిన మనిషి పేరు మర్నాటి నుంచి ఎవరూ ఎత్తరు. వెళ్లేవాళ్లకు ఒక పూలదండ వేసి పంపితే పోయేదేముంది?

ప్రశ్న: అక్కా, నాకు 52 ఏళ్లు. పెళ్లికి ముందు భజన బృందంలో, తర్వాత మహిళా సంఘం కోలాటంలో పాడాను. ఎప్పుడూ గుంపులోనే. ఇప్పుడు పిల్లలు స్థిరపడ్డారు, ఒక్కదాన్నే పాడాలని ఉంది. ఇంట్లో "ఈ వయసులో ఎందుకు" అంటున్నారు.
(గృహిణి, నర్సంపేట)

జవాబు: చెల్లె, నీకు రాన్ ఇతో గురించి చెప్తాను. 1970లలో జపాన్‌లో క్యాండీస్ అని ముగ్గురమ్మాయిల గ్రూపు ఉండేది. మొదట మధ్యలో నిలబడేది వేరే అమ్మాయి. 1975లో రాన్‌ను మధ్యకు మార్చగానే పాట హిట్టయింది. అంత పేరున్న రోజుల్లోనే, 1977లో, స్టేజీ మీదే "మామూలు ఆడపిల్లల్లా బతకాలనుంది" అని ముగ్గురూ చెప్పేశారు. 1978 ఏప్రిల్ 4న టోక్యోలో కొరాకుయెన్ స్టేడియంలో కిక్కిరిసిన జనం ముందు చివరి కచేరీ చేశారు. తర్వాత రాన్ సినిమాల్లో, నాటకాల్లో నటించింది కానీ పాట జోలికి వెళ్లలేదు. ముగ్గురిలో ఒకామె 2011లో చనిపోయింది.

2019లో రాన్ తన మొదటి సోలో ఆల్బమ్ తెచ్చింది. అప్పుడామెకు 64 ఏళ్లు. చివరి కచేరీకీ ఆ ఆల్బమ్‌కీ మధ్య 41 ఏళ్లు. 2023 డిసెంబర్ 31 రాత్రి జపాన్ జనమంతా ఇళ్లలో కూర్చుని చూసే కోహాకు పాటల కార్యక్రమంలో ఆమె మళ్లీ క్యాండీస్ పాటలు పాడింది. నేను మా అబ్బాయి పంపిన వీడియోలో చూశాను. గొంతు పాతికేళ్ల పిల్లది కాదు. కాస్త కిందికి దిగింది, చివర్లు సన్నబడ్డాయి. ముందున్న ముసలి అభిమానులు ఆ రోజుల్లో అరిచినట్టే పేరు పెట్టి అరుస్తున్నారు. నాకు కళ్లు నిండాయి.

నీకింకా 12 ఏళ్లు చేతిలో ఉన్నాయి తల్లీ. ఒకటే జాగ్రత్త. 20 ఏళ్లప్పుడు పాడిన శ్రుతిలోనే పాడాలని పట్టుబట్టకు. హార్మోనియం మీద ఒక మెట్టు, అవసరమైతే రెండు మెట్లు దించుకో. గుంపులో ఉన్నప్పుడు అందరికీ కుదిరే శ్రుతి పెడతారు, అది నీ గొంతుకు సరిపోయిందో లేదో ఎవరూ చూసి ఉండరు. నీ శ్రుతి ఏదో మొదటిసారి నువ్వే వెతుక్కోబోతున్నావు. మీ ఊళ్లో వచ్చే బతుకమ్మకు పాట నువ్వే ఎత్తుకో.

ప్రశ్న: నేను ఒగ్గు కథలో మా చిన్నాన్నకు వంత పాడతాను. రెండు గంటలు పాడినా గొంతు అలిసిపోదు. ఒక్కడినే మైకు ముందు పాడితే మాత్రం అయిదు నిమిషాలకే గొంతు పట్టేస్తోంది. ఇదేం రోగం?
(యువకుడు, ములుగు)

జవాబు: రోగం కాదు నాయనా. మీ చిన్నాన్నను ఈసారి బాగా గమనించు. కథ చెప్తూ చెప్తూ పంక్తి చివరికి వచ్చేసరికి మీరు అందుకుంటారు చూడు, ఆ అందుకునే క్షణంలో ఆయన ఊపిరి తీసుకుంటాడు. మళ్లీ ఆయన ఎత్తుకున్నప్పుడు మీరు తీసుకుంటారు. బతుకమ్మలోనూ అంతే, చుట్టూ ఉన్నవాళ్లు "ఉయ్యాలో" అన్నప్పుడే పాట ఎత్తిన ఆమెకు తెరిపి. పెద్ద గ్రూపుల్లో అయితే పాడేవాళ్లు ఒప్పందం మీద విడివిడిగా ఊపిరి తీసుకుంటారు. ఈమె ఆపినప్పుడు పక్కామె స్వరం పట్టుకుని ఉంటుంది. వినేవాళ్లకు ఎక్కడా తెగినట్టు ఉండదు. ఒక్కడివే పాడినప్పుడు ఆ ఊపిరి చోట్లన్నీ నువ్వే వెతుక్కోవాలి. వెతుక్కోనివాడు మెడ నరాలు బిగించి లాగుతాడు, అప్పుడే గొంతు పట్టేస్తుంది. వంత పాడినప్పుడు డోళ్ల మోతను దాటాలని గట్టిగా అరవడం అలవాటై ఉంటుంది, అదింకొకటి. మైకు ముందు అంత బలం అక్కర్లేదు. మైకును నోటికి జానెడు దూరంలో పెట్టుకుని, ఇంట్లో మనిషితో మాట్లాడే బలంతో మొదలుపెట్టు.

ఒకతని కథ చెప్తాను, నీకు పనికొస్తుంది. తత్సురో యమషిత అని జపాన్ గాయకుడు. 1973 నుంచి 1976 దాకా షుగర్ బేబ్ అనే బృందంలో ఉన్నాడు. గొంతులు కలిపి పాడటం వాళ్ల ప్రత్యేకత. బృందం విడిపోయాక ఒక్కడే పాడటం మొదలుపెట్టాడు. 1980లో ఒక ఆల్బమ్ చేశాడు, అందులో వెనక వినిపించే గొంతులన్నీ అతనివే. కింది గొంతు, మధ్య గొంతు, పై గొంతు, ఒక్కొక్కటీ విడిగా పాడి రికార్డు మీద రికార్డు వేసి కలిపాడు. 1983లో అతను చేసిన క్రిస్మస్ పాట ఇప్పటికీ ఏటా డిసెంబర్‌లో అక్కడ మోగుతుంది. దాని మధ్యలో కూడా అతని గొంతులే ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వస్తాయి.

నువ్వు ఫోన్లోనే ఇది చేయొచ్చు. మీ చిన్నాన్న పాడే ఒక పాదం నువ్వు పాడి రికార్డు చెయ్యి. దాన్ని ఇంకో ఫోన్లో పెట్టి వింటూ నీ వంత నువ్వే పాడు. అప్పుడు తెలుస్తుంది, కథకుడిగా పాడినప్పుడు నువ్వు వంతవాళ్లకు చోటు వదిలావో లేదో. మొదటిసారి వదిలి ఉండవు. రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మళ్లీ పాడు. పదిహేను రోజులు, రోజూ పొద్దున పది నిమిషాలు చాలు. ముందు రోజు రాత్రి కథ చెప్పి వస్తే ఆ పొద్దున మానేయ్, గోరువెచ్చని నీళ్లు తాగి ఊరుకో. మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకో, మిరియాల కషాయంతో సరిపెట్టుకోకు.

తర్వాత ఒక చరణం నాకు పంపు. పాట కాగితం మీద రాసి, ఊపిరి తీసుకున్న ప్రతి చోటా చిన్న గీత పెట్టి, దాని ఫోటో కూడా పంపు.